సోయాలో విటమిన్ ఇ: మన చేతిలో ఎంత, వానదేవుడి చేతిలో ఎంత?

మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకా నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. నల్లరేగడిలో ఎనిమిది ఎకరాల సోయా ఉంది. విటమిన్ ఇ ఎక్కువ ఉన్న గింజకు క్వింటాల్‌కు అదనపు రేటు ఇప్పిస్తానని ఒక ఏజెంటు ఊళ్ళు తిరుగుతున్నాడు. పూత మీద ఒకసారి, కాయ మీద ఒకసారి కొట్టాలని ‘బూస్టర్’ డబ్బా కూడా తనే అమ్ముతున్నాడు. కొట్టాలా? ముందే విత్తితే పెరుగుతుందా? సేంద్రియం చేస్తే పెరుగుతుందా? ఇంట్లో ఆడవాళ్ళు బచత్ గట్ (పొదుపు సంఘం) తరఫున సోయా పిండి చేసి అమ్ముతున్నారు, వాళ్ళకేమైనా ఉపయోగమా?

డబ్బా కొనకండి తమ్ముడూ. ముందు ఆ మాట చెప్పేసి, కారణాలు తర్వాత చెబుతాను. నాది కుండల్‌వాడీ వైపు. నూనె మిల్లు ల్యాబులో చాలా ఏళ్ళు పనిచేశాను, ఇప్పుడు సోయా, కంది వేస్తున్నాను.

విటమిన్ ఇ అని మనం ఒక్క పేరుతో పిలుస్తాం గానీ సోయా గింజలో ఉండేవి నాలుగు రకాల టోకోఫెరాల్‌లు: ఆల్ఫా, బీటా, గామా, డెల్టా. సోయాలో పెత్తనం గామాది. శుద్ధి చేసిన సోయా నూనె 100 గ్రాముల్లో గామా సుమారు 64 మిల్లీగ్రాములు, డెల్టా 21, ఆల్ఫా మాత్రం 8 చిల్లర. మన లివర్ ఎక్కువగా నిలుపుకుని ఒంటికి పంపేది ఆల్ఫానే. అందుకే డబ్బాల మీద, ఆహార పట్టికల్లో ‘విటమిన్ ఇ’ అని లెక్కగట్టేది ఆల్ఫాను. అంటే సోయాలో టోకోఫెరాల్ బోలెడంత ఉంది, లెక్కకు వచ్చే విటమిన్ ఇ కొంచెమే ఉంది. ల్యాబులో సోయా శాంపిల్ నడిపితే కంప్యూటర్ తెర మీద ఇది కళ్ళకు కడుతుంది. ముందు డెల్టా గీత ఒక మోస్తరుగా లేస్తుంది, వెనకే గామా తెర పైఅంచు దాకా పోతుంది. ఇక అయిపోయిందనుకునే సమయానికి చివర్లో చిన్న బొడిపెలా ఆల్ఫా కనిపిస్తుంది. పొద్దుతిరుగుడు శాంపిల్ పెడితే దీనికి పూర్తిగా తలకిందులు, చివరి గీతే అన్నిటికన్నా ఎత్తు. ఆ నూనెలో 100 గ్రాములకు ఆల్ఫా సుమారు 41 మిల్లీగ్రాములు ఉంటుంది.

కాబట్టి ఏజెంటును మొదట అడగాల్సింది ఒకటే. అదనపు రేటు మొత్తం టోకోఫెరాల్ మీదా, ఆల్ఫా మీదా? దీనికి సూటిగా జవాబు రాకపోతే అక్కడితో మాట ఆపేయొచ్చు. ఎందుకంటే వాతావరణం, సాగు పద్ధతి ఈ రెండింటినీ ఒకేలా కదిలించవు.

గింజలో గామాను ఆల్ఫాగా మార్చేది ఒక ఎంజైమ్. కాయలో గింజ ఊరే రోజుల్లో, అంటే గింజ పట్టడం మొదలైనప్పటి నుంచి కాయ రంగు మారే దాకా, వేడి గానీ నీటి ఎద్దడి గానీ తగిలితే ఈ మార్పు జోరందుకుంటుంది. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు 2002లో ప్రచురించిన పరిశోధనలో, గింజ ముదిరే దశలో గట్టి ఎద్దడి తగిలిన సోయాలో ఆల్ఫా రెండు, మూడు రెట్లయింది. వేడి కాస్త పెరిగినా ఆల్ఫా పెరిగింది. అయితే ఆల్ఫా పెరిగిన మేరకు గామా, డెల్టాల వాటా తగ్గింది. మొత్తం పెద్దగా మారలేదు, లోపల పంపకం మారింది. నూనెలకు కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల్లో సోయా నూనె ఆల్ఫాకు రాసుకున్న హద్దులు చూడండి: కిలోకు 9 మిల్లీగ్రాముల నుంచి 352 దాకా. ఒకే పంటకు ఇంత తేడా ఎలా అంటే రకం ఒక కారణం, గింజ ఊరేటప్పుడు పైన ఆకాశం ఎలా ఉందన్నది ఇంకో కారణం.

ఇక ముందు విత్తడం సంగతి. ఇంటర్నెట్‌లో ‘ముందు విత్తితే విటమిన్ ఇ పెరుగుతుంది’ అని ఇంగ్లీషులో చాలా చోట్ల కనిపిస్తుంది. అది చలిదేశాల మాట. కెనడాలో ఆలస్యంగా విత్తితే గింజ ఊరే సమయానికి చలి మొదలవుతుంది, ఆల్ఫా పడిపోతుంది. ముందు విత్తితే వేసవి వేడిలో గింజ ఊరుతుంది, ఆల్ఫా పెరుగుతుంది. వాళ్ళకు అది నిజమే. దాన్ని తెచ్చి నాందేడ్ జిల్లాకు అతికిస్తే కుదరదు.

మన లెక్క మన కార్తెల్లో వేసుకుందాం. ఆరుద్ర మొదట్లో, జూన్ 22 అటూఇటూ, 95 రోజుల రకం విత్తారనుకోండి. ఆగస్టు మూడో వారంలో, మఖ కార్తెలో గింజ పట్టడం మొదలవుతుంది. పుబ్బ దాటి ఉత్తరలోకి వచ్చేసరికి ముదురుతుంది. ఆ రోజుల్లో మనకు మబ్బు, ముసురు, తడి నేల. అదే పునర్వసులో, జూలై రెండో వారంలో విత్తితే గింజ ఊరేది ఉత్తర, హస్తల్లో. వాన సన్నగిల్లి, ఎండ చురుక్కుమనే కాలం. నల్లరేగడి పైపొర బీటలిచ్చేదీ అప్పుడే. అంటే మన దగ్గర ఆలస్యంగా విత్తిన చేనుకే గింజ ఊరేటప్పుడు ఎండా, ఎద్దడీ ఎక్కువ తగిలే అవకాశం ఉంది. ఆల్ఫా ఒక్కటే చూస్తే చలిదేశాల సలహాకు ఇది ఎదురు. అలాగని జూలై దాకా ఆగి విత్తమని నేను చెప్పను. ఆలస్యంగా విత్తితే కొమ్మలు తగ్గుతాయి, కాయలు తగ్గుతాయి, చివర్లో వాన మొహం చాటేస్తే గింజ ముడుచుకుపోతుంది. ఆల్ఫా కోసం ఎద్దడి పెట్టడమంటే పంటను ఎండబెట్టుకోవడమే.

లెక్క వేసి చూపిస్తా. ఎకరాకు ఎనిమిది క్వింటాళ్ళు వచ్చే చేనులో ఎద్దడి వల్ల రెండు క్వింటాళ్ళు పోయాయనుకోండి. 2025-26 మద్దతు ధర క్వింటాల్‌కు 5,328 రూపాయలు, అంటే 10,656 రూపాయలు పోయినట్టు. మిగిలిన ఆరు క్వింటాళ్ళ మీద ఆ నష్టం పూడాలంటే క్వింటాల్‌కు 1,776 రూపాయలు అదనంగా రావాలి. మీ ఏజెంటు అందులో సగమైనా కాగితం మీద రాసిస్తాడా? అందుకని బోరులో గానీ చేనుకుంటలో గానీ నీళ్ళుంటే, కాయ ఊరేటప్పుడు పదిహేను రోజులు వాన లేకపోతే ఒక తడి పెట్టండి. ఆల్ఫా కాస్త తగ్గితే తగ్గనీయండి. 2023 ఆగస్టు గుర్తుందిగా, దేశం మొత్తం మీద 1901 నుంచి అంత వాన తక్కువ ఆగస్టు లేదు. ఆ ఏడాది స్ప్రింక్లర్ పైపులు ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ దిగుబడిలో ఎంత తేడా వచ్చిందో మన వైపు ఎవర్నడిగినా చెబుతారు.

ఎద్దడికి ఇంకో తంటా కూడా ఉంది. చేను ఒక్కసారిగా ఎండిపోతే గింజలో పచ్చదనం దిగదు. పైన పసుపుగా ఉన్నా, పగలగొట్టి చూస్తే లోపల ఆకుపచ్చ. ఆ పచ్చదనం నూనెలోకి వస్తుంది. మిల్లువాళ్ళకు బ్లీచింగ్ మట్టి ఎక్కువ ఖర్చవుతుంది, పైగా అది మిగిలితే వెలుతురు తగిలినప్పుడు నూనె త్వరగా చెడుతుంది. ఆల్ఫా పెరిగిన అదే గింజను మోండాలో (మార్కెట్ యార్డులో) అడత్యా (కమీషన్ వ్యాపారి) పచ్చగింజ అని పక్కకు నెట్టి రేటు కోస్తాడు. యెల్లో మొజాయిక్ (ఆకులు పసుపెక్కే వైరస్ తెగులు) వచ్చి చేను ముందే పండిపోయినా ఇదే గతి.

వేసవి సోయా గురించి ఎవరైనా అడుగుతారేమో, ఒక్క మాట. జనవరిలో వేసి విత్తనం కోసం ఏప్రిల్, మేలలో కోసే పంటకు గింజ ఊరేటప్పుడు వేడి ఖాయం, కాబట్టి సూత్రం ప్రకారం ఆల్ఫా ఎక్కువే ఉండాలి. కానీ గింజ సన్నగా వస్తుంది, నీళ్ళ ఖర్చు వేరు. విత్తనం అమ్ముకునేవాళ్ళకు లాభం గానీ విటమిన్ కోసం వేసే పంట కాదు.

రకం విషయం అసలైనది. టోకోఫెరాల్ మొత్తం ఎంత, అందులో ఆల్ఫా వాటా ఎంత అన్నది చాలావరకు విత్తనంలోనే రాసి ఉంటుంది. మామూలు రకాల్లో ఆల్ఫా వాటా పదో వంతు లోపే. తూర్పు ఐరోపా నుంచి సేకరించిన కొన్ని పాత రకాల్లో అది ఐదో వంతు దాటినట్టు జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. పైన చెప్పిన ఎంజైమ్‌ను నడిపే జీనులో తేడానే దానికి కారణమని తర్వాత తేలింది. అమెరికాలో 2003 నాటికి జన్యుమార్పిడి చేసి ఆల్ఫా వాటా 95 శాతం దాటించిన సోయా కూడా ప్రయోగంగా తయారు చేశారు. మన దేశంలో జన్యుమార్పిడి సోయా సాగుకు అనుమతి లేదు, కాబట్టి ఎవరైనా చాటుగా ‘ఫారిన్ విత్తనం’ అంటే దూరం పెట్టండి.

మన చేతికి వచ్చేవి జేఎస్ 335, పర్భణీ విశ్వవిద్యాలయం వాళ్ళ ఎంఏయూఎస్ 71, 158, 162, 612, రాహురీ వాళ్ళ ఫులే సంగమ్, ఫులే కిమయా, తెలంగాణ వైపు పోతే బాసర అనే రకం. వీటిలో ఏదీ విటమిన్ ఇ కోసం తయారు చేసింది కాదు. దిగుబడి, రోగాలను తట్టుకోవడం, కాయ పగలకపోవడం చూసి విడుదల చేసినవి. రకాల మధ్య టోకోఫెరాల్ తేడాలను ఇందోర్‌లోని సోయాబీన్ పరిశోధన సంస్థ కొలిచి ప్రచురించింది, కానీ ఆ తేడాకు మోండాలో ధర పలికే రోజు ఇంకా రాలేదు. మీ నేలకు, మీ వానకు నప్పే రకమే వేయండి.

సేంద్రియానికి, రసాయన ఎరువులకు మధ్య విటమిన్ ఇలో చెప్పుకోదగ్గ తేడా ఉంటుందని నేను నమ్మను. సేంద్రియం చేయడానికి వేరే మంచి కారణాలుంటే చేయండి. ఫాస్ఫరస్, పొటాష్ సరిపడా ఉన్న నేలలో ఇంకా పోస్తే టోకోఫెరాల్ పెరగదు. నల్లరేగడిలో గంధకం మాత్రం మర్చిపోవద్దు. ఏటా డీఏపీ ఒక్కటే వేస్తూ పోతే గంధకం అందదు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌లో 11 శాతం దాకా ఉంటుంది. గంధకం లోటున్న నేలలో అది వేస్తే నూనె, మాంసకృత్తులు రెండూ మెరుగవుతాయి. టోకోఫెరాల్ ఉండేది నూనెలోనే కాబట్టి నూనె బాగా పట్టిన గింజ మనకు ఎలాగూ మంచిదే. బీబీఎఫ్ మీద, అంటే కాలువల మధ్య వెడల్పు మడుల మీద విత్తడం వల్ల నీరు నిలవదు, చేను చివరిదాకా పచ్చగా ఉండి గింజ నిండుగా ఊరుతుంది. విటమిన్ పేరు చెప్పకపోయినా చేయాల్సిన పనే అది.

బూస్టర్ డబ్బా దగ్గరికి వద్దాం. మొక్క టోకోఫెరాల్‌ను ఎక్కడికక్కడ తయారు చేసుకుంటుంది, గింజలోది గింజలోనే తయారవుతుంది. అది నూనెలో కరిగేదే గానీ నీళ్ళలో కరిగేది కాదు. ఆకు మీద కొట్టినది కాడల్లోంచి పారి కాయలోకి దిగి గింజలో నిల్వ అవుతుందనుకోవడం భ్రమ. డబ్బా మీద సీవీడ్ (సముద్రపు నాచు), అమైనో ఆమ్లాలు అని రాసుంటే అది ఇంకేదైనా మేలు చేస్తుందేమో గానీ మీరడిగిన మేలు మాత్రం కాదు.

ఏజెంటు కథలో నాకు అన్నిటికన్నా అనుమానం కలిగించేది వేరే ఉంది. సహజ విటమిన్ ఇ తయారు చేసే కంపెనీలు రైతు దగ్గర గింజకు అదనపు రేటు కట్టి కొనవు. రిఫైనరీలో నూనె వాసన తీసేటప్పుడు, వాక్యూమ్‌లో 200 డిగ్రీలు దాటిన వేడికి ఆవిరితో పాటు టోకోఫెరాల్‌లో కొంత భాగం లేచిపోతుంది. దాన్ని చల్లార్చి పట్టుకుంటే గోధుమరంగు జిడ్డు లాంటి పదార్థం వస్తుంది. మిల్లులో దాన్ని డిస్టిలేట్ అంటాం. నూనె కన్నా దానికే ధర ఎక్కువ, డ్రమ్ములకు సీలు వేసి జాగ్రత్త చేస్తారు. విటమిన్ కంపెనీలు కొనేది దాన్ని. అందులో ఎక్కువుండేది గామా, డెల్టాలే. వాటిని ఫ్యాక్టరీలో రసాయన చర్యతో ఆల్ఫాగా మార్చుకుంటారు. మందుల షాపులో క్యాప్సూల్ మీద ‘డి-ఆల్ఫా’ అని ఉంటే ఇలాంటి సహజ సరుకు, ‘డీఎల్-ఆల్ఫా’ అని ఉంటే పూర్తిగా రసాయనాలతో కట్టినది. గామాను ఆల్ఫాగా మార్చే పని ఫ్యాక్టరీలో అంత తేలిగ్గా అవుతుంటే, మీ చేనులో ఆల్ఫా పెంచినందుకు ఎవరు డబ్బులిస్తారు? నూనె మిల్లుకైతే గామా, డెల్టాలు ఉంటేనే ఇష్టం, సీసాలో నూనె చెడు వాసన రాకుండా కాపు కాసేది అవే.

ఒకవేళ ఆ కొనుగోలుదారు నిజంగానే ఉన్నాడు, ఆహార సోయాగా ఎగుమతి చేస్తాడు, ఆల్ఫా మీదే రేటు అని కాగితం రాసిస్తాడు అనుకుందాం. అప్పుడు పరీక్ష ఎవరు చేయిస్తారు, శాంపిల్ ఎవరి ఎదుట తీస్తారు, రిపోర్టులో ఆల్ఫా, గామా, డెల్టా విడివిడిగా ఇస్తారా, తేమ తీసేసిన లెక్కా తేమతో లెక్కా, ఇవన్నీ ముందే రాయించుకోండి. శాంపిల్ ఒక్క సంచిలోంచి కాకుండా చాలా సంచుల్లోంచి పరఖీ (శాంపిల్ తీసే గొట్టం) గుచ్చి తీసి కలపండి. గింజగానే పంపండి, పిండి కొట్టి పంపితే దారిలోనే టోకోఫెరాల్ తరిగిపోతుంది. పచ్చగింజ, పగిలిన గింజ ఏరేసి మంచివి మాత్రం పంపితే రిపోర్టు ఒకలా, లారీలో సరుకు ఇంకొకలా వచ్చి గొడవలవుతాయి.

మన చేతిలో నిజంగా ఉన్నది కోత నుంచి మొదలయ్యే పని. టోకోఫెరాల్ గింజలో ఉండేది మన కోసం కాదు, గింజలోని నూనె చెడకుండా కాపాడటానికి. తడి, బూజు, దెబ్బ తగిలితే ఆ కాపలాలో అది ఖర్చైపోతుంది. కోసిన సోయా చేనులో పరిచి ఉండగా చిత్త వాన పడితే, కుప్పలో వేడెక్కితే, నూనెలో ఆమ్లం పెరుగుతుంది, టోకోఫెరాల్ తరుగుతుంది, రంగు నల్లబడుతుంది. 2025 ఆగస్టు, సెప్టెంబరుల్లో ముఖేడ్ నుంచి బిలోలి దాకా నీళ్ళలో నిలిచిన చేలలో గింజ కాయలోనే మొలకెత్తింది, అలాంటప్పుడు ఎవరూ చేయగలిగింది లేదు. కానీ మామూలు ఏడాదిలో తాడిపత్రి (టార్పాలిన్) ముందే తెచ్చిపెట్టుకోవడం, కోసిన మూడు, నాలుగు రోజుల్లో ఆరబెట్టి నూర్పిడి మిషన్‌కు వేయడం మన పనే. విత్తనానికి దాచేదైతే డ్రమ్ము నిమిషానికి 400 చుట్లు దాటకుండా చూడమని మిషన్ అబ్బాయికి గట్టిగా చెప్పండి. వాడు గంటల లెక్కన కిరాయికి తొందరపడతాడు, జోరుగా తిప్పితే గింజ పైకి బాగానే కనిపించి లోపల చిట్లుతుంది. చిట్లిన చోట నూనె, దాన్ని కొరికే ఎంజైమ్ ఒకదానికొకటి తగులుతాయి. ఆ పైన టోకోఫెరాల్ ఎంతున్నా నిలవదు.

అమ్మకానికి తేమ 12 శాతం ఉండాలి. 2024లో కేంద్రం 15 దాకా సడలించింది గానీ అది కొనుగోలుకు ఇచ్చిన వెసులుబాటు, మీ గదిలో నిల్వకు కాదు. పంటి కింద పెడితే నొక్కుకుపోకుండా టక్కున రెండు ముక్కలవ్వాలి. విత్తనం సంచులు ఐదింటికి మించి ఒకదాని మీద ఒకటి పేర్చకండి, గోడకు ఆనించకండి. విటమిన్ ఇ మీద మీకు ఇంత ఆసక్తి ఉంటే, అది మీకు డబ్బు మిగిల్చేది ఇక్కడ. టోకోఫెరాల్ తయారు కాని మొక్కల విత్తనం నిల్వలో త్వరగా మొలక శక్తి పోగొట్టుకుంటుందని 2004లోనే ఆవాల జాతికి చెందిన చిన్న మొక్క మీద తేల్చారు. సోయా విత్తనం అసలే నాజూకు, 70 శాతం మొలక వస్తే పాస్ అంటారు. ఇంటి విత్తనం బాగా నిలిస్తే జూన్‌లో సంచి కొనే ఖర్చు తప్పుతుంది.

ఇక బచత్ గట్ అక్కచెల్లెళ్ళ పిండి. ప్యాకెట్ మీద ‘విటమిన్ ఇ సమృద్ధి’ అని మాత్రం వేయించకండి. 100 గ్రాముల ఎండు సోయాలో ఆల్ఫా ఒక మిల్లీగ్రాము అటూఇటూ ఉంటుంది, పల్లీల్లో 8 ఉంటుంది. పెద్దవాళ్ళకు రోజుకు 15 మిల్లీగ్రాములు కావాలని అమెరికా లెక్క. ఎండకు రెండింతలైనా సోయా పల్లీ చట్నీతో పోటీ పడలేదు. సోయా గొప్పతనం మాంసకృత్తులు, దాన్నే చెప్పండి, 40 శాతం దాకా ఉంటాయి. పప్పు చేసి మరుగుతున్న నీళ్ళలో 20–25 నిమిషాలు ఉడికించి, నీడలో ఆరబెట్టి, ఆ తర్వాతే పట్టించాలి. పచ్చిది పట్టిస్తే మాంసకృత్తులు అరగనివ్వని గుణం పోదు, పచ్చి వాసనా పోదు. తొమ్మిది కిలోల గోధుమకు ఒక కిలో సోయా కలిపితే రొట్టె బాగా వస్తుంది. పిండిలో నూనె మొత్తం గాలికి తెరుచుకుని ఉంటుంది కాబట్టి నెలకు సరిపడానే పట్టించి, వెలుతురు పడని ప్యాకెట్లో అమ్మండి. మిగతా సరుకు గింజగానే ఉంచండి.